ఎవరి పేరు, ఎవరి పూచీ: ఈ-మెయిల్ పంపినవారి ధ్రువీకరణ ప్రమాణాల చరిత్ర (1982–2025)

వ్యాససంగ్రహం

ఈ-మెయిల్‌లో పంపినవారి పేరు ఉండే చోట ఎవరి పేరునైనా ఎవరైనా రాయగల స్థితి 1982 నాటి ప్రమాణాలతోనే ఏర్పడింది. ఆ లోపాన్ని సరిదిద్దడానికి 2003 తర్వాత ఎస్‌.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్ అనే మూడు ప్రమాణాలు రూపొందాయి. వీటి పుట్టుకను, వీటి మధ్య సంబంధాన్ని, ఒక మెయిల్ సర్వర్‌లో వీటిని అమలుచేసే క్రమాన్ని ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. ఈ ప్రమాణాలు ఉత్తరం రాసిన మనిషిని గుర్తించవు. ఆ ఉత్తరానికి ఒక డొమైన్ పూచీ పడిందా లేదా అన్నది మాత్రమే తేలుస్తాయి. పూచీ లేని ఉత్తరాన్ని ఏం చేయాలన్న నిర్ణయం మాత్రం క్రమంగా కొన్ని పెద్ద సంస్థల చేతుల్లోకి వెళ్లింది. ఈ రెండు విషయాలను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఈ-మెయిల్ చరిత్ర, పంపినవారి ధ్రువీకరణ, ఎస్‌.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్, డొమైన్, తెలుగు డొమైన్ పేర్లు.

1. ఉపోద్ఘాతం

పోస్టుకార్డు మీద 'నుండి' అన్నచోట ఎవరి చిరునామా రాసినా తపాలా శాఖ అభ్యంతరం చెప్పదు. కార్డు ఏ ఊరి పెట్టెలో పడిందో తపాలా ముద్ర చెబుతుంది గానీ, రాసినవారు ఎవరో చెప్పదు. చేతిరాతను బట్టి, ఊరిని బట్టి, విషయాన్ని బట్టి చదివేవారే పోల్చుకుంటారు. ఈ-మెయిల్‌కు చేతిరాత లేదు. అందువల్ల పేరే సర్వస్వమయింది. విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు పేరుతో వచ్చిన ఉత్తరువు, బ్యాంకు పేరుతో వచ్చిన హెచ్చరిక, పత్రికా సంపాదకుల పేరుతో వచ్చిన అంగీకార లేఖ మొదలైనవన్నీ కేవలం ఆ పేరు మీద నమ్మకంతోనే చెల్లుబాటు అవుతున్నాయి.

ఆ పేరు నిజమైనదేనని ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి? చెప్పలేనప్పుడు ఆ ఉత్తరం గతి ఏమిటి? గత రెండు దశాబ్దాల ఈ-మెయిల్ ప్రమాణాల చరిత్ర ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగింది. మొదటి రెండు ప్రశ్నలు సాంకేతికమైనవి. మూడోది అధికారానికి సంబంధించినది.

2. 1982: నమ్మకం మీద నిలిచిన వ్యవస్థ

ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు నెట్‌వర్క్ ద్వారా ఉత్తరం పంపే పద్ధతిని 1971లో రే టామ్లిన్‌సన్ ఆర్పానెట్‌పై ప్రవేశపెట్టాడు. వ్యక్తి పేరును, యంత్రం పేరును వేరుచేయడానికి '@' గుర్తును ఎంచుకున్నదీ ఆయనే. ఆగస్టు 1982లో రెండు మౌలిక పత్రాలు వెలువడ్డాయి. ఉత్తరాన్ని ఎలా చేరవేయాలో చెప్పే ఆర్‌.ఎఫ్‌.సి. 821ను జొనాథన్ పోస్టెల్ రాశాడు. ఉత్తరం లోపలి రూపం ఎలా ఉండాలో చెప్పే ఆర్‌.ఎఫ్‌.సి. 822ను డేవిడ్ క్రాకర్ రాశాడు.

ఈ రెండు పత్రాల విభజనలోనే తర్వాతి సమస్యకు బీజం ఉంది. మొదటి పత్రం ప్రకారం ఉత్తరానికి ఒక 'కవరు' ఉంటుంది. చేరని ఉత్తరం ఎవరికి తిరిగి వెళ్లాలో దానిమీద ఉంటుంది. ఇది సర్వర్లు మాత్రమే చూసే చిరునామా. రెండో పత్రం ప్రకారం ఉత్తరం తలభాగంలో 'ఫ్రమ్' అనే వరుస ఉంటుంది. ఇది చదువరికి కనిపించే పేరు. ఈ రెండూ ఒకటే కావాలన్న నియమం లేదు. అధికారి తరఫున కార్యదర్శి ఉత్తరం పంపవచ్చు, ఒకరి ఉత్తరాన్ని మరొకరు ముందుకు పంపవచ్చు. అటువంటి సహజ అవసరాల కోసమే ఆ వెసులుబాటు ఏర్పడింది.

ఇక్కడ గమనించదగ్గ విశేషం ఒకటుంది. ఆర్‌.ఎఫ్‌.సి. 822 ధ్రువీకరణను పూర్తిగా విస్మరించలేదు. పంపినవారి వరుసలో ఉండేది ధ్రువీకృతమైన గుర్తింపు కావాలని అది పేర్కొంది. అయితే ఒక యంత్రం తన దగ్గర లాగిన్ అయిన వ్యక్తిని గుర్తించగలదు గానీ, ఆ గుర్తింపును దూరాన ఉన్న మరో యంత్రానికి రుజువు చేసే మార్గం ఆనాడు లేదు. నెట్‌వర్క్‌లో ఉన్నవి కొన్ని వందల యంత్రాలు. వాటిని నడిపేవారు చాలావరకు ఒకరికొకరు తెలిసిన పరిశోధకులు. కాబట్టి మాటే రుజువయింది. 2001లో పాత పత్రం స్థానంలో వచ్చిన ఆర్‌.ఎఫ్‌.సి. 2821, ఈ-మెయిల్ చేరవేత స్వభావరీత్యానే భద్రత లేనిదని, సాధారణ వినియోగదారు కూడా దొంగ పేరుతో ఉత్తరం సృష్టించగలడని బాహాటంగా ఒప్పుకుంది.

ఇంటర్నెట్ వ్యాపారానికి తెరుచుకున్న 1990వ దశకంలో ఈ నమ్మకం చెదిరింది. ఎవరి ఉత్తరాన్నైనా అడగకుండా చేరవేసే సర్వర్లు అవాంఛిత వ్యాపార ప్రకటనలకు, అంటే స్పామ్‌కు, దారులయ్యాయి. 1997లో పాల్ విక్సీ ప్రారంభించిన నిషేధ జాబితా పద్ధతి, స్పామ్ పంపే యంత్రాల ఐ.పి. చిరునామాలను వెలివేయడం మీద ఆధారపడింది. అది ఫలానా యంత్రం చెడ్డదని చెప్పగలిగింది. ఫలానా పేరు వాడుకునే హక్కు ఈ యంత్రానికి ఉందా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం ఇవ్వలేకపోయింది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ విడుదల చేసిన పి.జి.పి. వ్యక్తిగత సంతకానికి దారి చూపింది. కానీ ప్రతి వ్యక్తీ తన తాళాన్ని తానే కాపాడుకోవలసిన ఆ పద్ధతి సాధారణ వాడుకలోకి రాలేదు. వ్యక్తి స్థాయిలో ఫలించని ధ్రువీకరణను డొమైన్ స్థాయికి మార్చడమే తర్వాతి మలుపు.

3. ఎస్‌.పి.ఎఫ్.: అనుమతి జాబితా

ప్రతి డొమైన్‌కూ డి.ఎన్‌.ఎస్. అనే బహిరంగ చిరునామాల పట్టిక ఉంటుంది. ఒక డొమైన్‌కు వచ్చే ఉత్తరాలను ఏ యంత్రం స్వీకరిస్తుందో అందులో మొదటినుంచీ ఉంది. ఆ డొమైన్ పేరుతో ఉత్తరాలను ఏ యంత్రం పంపవచ్చో మాత్రం లేదు. ఈ లోటును పూడ్చడానికి హడ్‌మట్ డానిష్ 'ఆర్‌.ఎం.ఎక్స్.' పేరుతో, గార్డన్ ఫెసిక్ 'డి.ఎం.పి.' పేరుతో ప్రతిపాదనలు చేశారు. మెంగ్ వెంగ్ వాంగ్ 2003లో ఈ రెండింటినీ సమన్వయించి ఎస్‌.పి.ఎఫ్.ను రూపొందించాడు.

దీని పని సులభం. 'మా డొమైన్ పేరుతో ఉత్తరాలు పంపే యంత్రాలు ఇవి' అని యజమాని డి.ఎన్‌.ఎస్.లో ఒక వాక్యం ప్రకటిస్తాడు. ఉత్తరం అందుకునే సర్వర్ ఆ వాక్యాన్ని చదివి, తన దగ్గరకు వచ్చిన యంత్రం ఆ జాబితాలో ఉందో లేదో చూస్తుంది. ఇందులో రెండు పరిమితులు ఉన్నాయి. ఎస్‌.పి.ఎఫ్. పరీక్షించేది కవరు మీది చిరునామాను మాత్రమే. చదువరికి కనిపించే 'ఫ్రమ్' పేరు దాని పరిధిలోకి రాదు. రెండోది, ఉత్తరాన్ని మధ్యలో మరో సర్వర్ యథాతథంగా ముందుకు పంపితే, ఆ మధ్యవర్తి యంత్రం అసలు జాబితాలో ఉండదు కాబట్టి పరీక్ష విఫలమవుతుంది.

ఈ పద్ధతిని ప్రమాణంగా మార్చే ప్రయత్నం 2004లో వివాదంలో చిక్కుకుంది. ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్‌ఫోర్స్ ఆ ఏడాది మార్చిలో 'మారిడ్' అనే కార్యవర్గాన్ని ఏర్పాటు చేసింది. మైక్రోసాఫ్ట్ ప్రతిపాదన, ఎస్‌.పి.ఎఫ్. కలిసి 'సెండర్ ఐడీ' అనే రూపం వచ్చింది. అయితే అందులోని కొంత భాగంపై మైక్రోసాఫ్ట్ పేటెంటు హక్కులు కోరడం, దాని లైసెన్సు షరతులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రాలకు సరిపడకపోవడం వల్ల అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, డెబియన్ ప్రాజెక్టు దాన్ని తిరస్కరించాయి. మెయిల్ సర్వర్లలో పెద్దభాగం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నందున ఈ తిరస్కారానికి బలం చేకూరింది. సెప్టెంబరు 2004లో కార్యవర్గం ఏకాభిప్రాయం లేకుండానే మూతపడింది. రెండు పద్ధతులూ 2006లో కేవలం ప్రయోగాత్మక పత్రాలుగా వెలువడ్డాయి. వాడుకలో ఎస్‌.పి.ఎఫ్. నిలిచింది, సెండర్ ఐడీ కనుమరుగైంది. ఏప్రిల్ 2014లో ఆర్‌.ఎఫ్‌.సి. 7208 ద్వారా ఎస్‌.పి.ఎఫ్.కు ప్రమాణ స్థాయి దక్కింది. వాడుక ముందు స్థిరపడి, ప్రమాణ హోదా తర్వాత రావడం ఈ చరిత్రలో మళ్లీ కనిపించే లక్షణం.

4. డీకిమ్: ఉత్తరం మీద ముద్ర

పంపే యంత్రాన్ని కాక ఉత్తరాన్నే పరీక్షించాలన్నది రెండో మార్గం. యాహూలో మార్క్ డెలానీ 'డొమైన్‌కీస్' పద్ధతిని, సిస్కోలో జిమ్ ఫెంటన్ తదితరులు మరో సంతక పద్ధతిని రూపొందించారు. 2005లో ఈ రెండూ కలిసి డీకిమ్ అయ్యాయి. మే 2007లో ఆర్‌.ఎఫ్‌.సి. 4871గా వచ్చిన ఈ ప్రమాణం సెప్టెంబరు 2011లో ఆర్‌.ఎఫ్‌.సి. 6376గా పరిష్కృతమైంది. 2007 నాటి పత్రం రచయితలలో మొదటి పేరు ఎరిక్ ఆల్‌మన్. 1980లలో ఈ-మెయిల్ వ్యాప్తికి ప్రధాన వాహకమైన సెండ్‌మెయిల్ సాఫ్ట్‌వేర్‌ను రాసినదీ ఆయనే. ఉత్తరాలను ప్రశ్నించకుండా మోసిన తరమే వాటికి ముద్ర వేయవలసిన అవసరాన్నీ గుర్తించిందనడానికి ఇది నిదర్శనం.

పూర్వం లేఖలకు లక్కముద్ర ఎలాంటిదో ఈ-మెయిల్‌కు డీకిమ్ అలాంటిది. పంపే సర్వర్ తన దగ్గరి రహస్య తాళంతో ఉత్తరంలోని పాఠానికి, ఎంపిక చేసిన తలభాగపు వరుసలకు సంతకం చేస్తుంది. దాన్ని సరిచూసే బహిరంగ తాళం డి.ఎన్‌.ఎస్.లో ఉంటుంది. మధ్యవర్తి యథాతథంగా పంపినా సంతకం చెడదు. కానీ విషయపు వరుసకు ఒక పదం చేర్చినా, ఉత్తరం అడుగున రెండు పంక్తులు కలిపినా ముద్ర పగులుతుంది.

ముద్ర ఎంత గట్టిదన్నది తాళం పొడవును బట్టి ఉంటుంది. 2012లో వెలుగులోకి వచ్చిన ఒక ఉదంతం దీన్ని నాటకీయంగా చూపింది. జాకరీ హారిస్ అనే గణితవేత్తకు గూగుల్ నుంచి ఉద్యోగ ప్రస్తావనతో ఒక ఉత్తరం వచ్చింది. అది అసలుదేనా అని పరిశీలించిన ఆయన, సంస్థ వాడుతున్న డీకిమ్ తాళం పొడవు 512 బిట్లేనని గమనించాడు. అది తన సామర్థ్యానికి పెట్టిన పరీక్ష అనుకుని, ఆ తాళాన్ని ఛేదించి, సంస్థ వ్యవస్థాపకులలో ఒకరి పేరుతో మరొకరికి ఉత్తరం పంపాడు. కొద్దిరోజుల్లోనే గూగుల్ 2048 బిట్ల తాళానికి మారింది. జనవరి 2018 నాటి ఆర్‌.ఎఫ్‌.సి. 8301, 1024 బిట్ల కంటే చిన్న తాళాలను నిషేధించి, 2048 బిట్లను సిఫారసు చేసింది.

డీకిమ్‌కూ ఒక మౌలిక పరిమితి ఉంది. సంతకం చేసిన డొమైన్, కనిపించే 'ఫ్రమ్' డొమైన్ ఒకటే కావాలన్న నియమం అందులో లేదు. ఒకరి పేరు పెట్టి, మరొకరి ముద్ర వేసిన ఉత్తరం కూడా డీకిమ్ పరీక్షలో నెగ్గుతుంది. సంతకమే లేని ఉత్తరాన్ని ఏం చేయాలో కూడా డీకిమ్ చెప్పదు.

5. డీమార్క్: పొంతన, విధానం, నివేదిక

జనవరి 2012లో పదిహేను సంస్థల కూటమి డీమార్క్‌ను ప్రకటించింది. దాని మూలం పేపాల్, యాహూ సంస్థలు 2007 ప్రాంతంలో చేసుకున్న ఏర్పాటులో ఉంది. తమ సంతకం లేకుండా పేపాల్ పేరుతో వచ్చే ఉత్తరాలను యాహూ తిరస్కరించాలన్నది ఆ ఒప్పందం. ఇద్దరి మధ్య కుదిరిన ఈ ఏర్పాటును అందరికీ వర్తించే ప్రకటనగా మార్చడమే డీమార్క్ సారాంశం.

డీమార్క్ మూడు పనులు చేసింది. మొదటిది పొంతన: ఎస్‌.పి.ఎఫ్. లేదా డీకిమ్‌లో ఏదో ఒకటి నెగ్గాలి, నెగ్గిన డొమైన్ చదువరికి కనిపించే 'ఫ్రమ్' డొమైన్‌తో కలవాలి. 1982లో విడిపోయిన కవరునూ తలభాగాన్నీ మళ్లీ ముడివేసిన నియమం ఇదే. రెండోది విధానం: పొంతన కుదరని ఉత్తరాన్ని గమనించి వదిలేయాలా, అనుమానితంగా పక్కన పెట్టాలా, తిరస్కరించాలా అన్నది డొమైన్ యజమాని ప్రకటిస్తాడు. మూడోది నివేదిక: ఆ డొమైన్ పేరుతో ఏ యంత్రాల నుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో, ఎన్ని నెగ్గాయో అందుకున్న సంస్థలు యజమానికి సాధారణంగా రోజుకోసారి తెలియజేస్తాయి. తన పేరును లోకంలో ఎవరెవరు వాడుతున్నారో యజమానికి తెలిసిరావడం ఈ-మెయిల్ చరిత్రలో కొత్త విషయం.

మార్చి 2015లో ఆర్‌.ఎఫ్‌.సి. 7489గా వెలువడినప్పుడు డీమార్క్‌కు ప్రమాణ హోదా లేదు, అది సమాచార పత్రం మాత్రమే. కానీ అప్పటికే అది లోకాన్ని కదిపింది.

6. ఏప్రిల్ 2014: పూచీకి చెల్లించిన మూల్యం

'తిరస్కరించు' అన్న విధానం బ్యాంకుల వంటి సంస్థలు తమ వ్యవహార ఉత్తరాలకు వాడుకోవడానికి అనువైనది. ఏప్రిల్ 2014లో యాహూ, ఆ వెంటనే ఏ.ఓ.ఎల్., దాన్ని సామాన్య వినియోగదారులు వాడే తమ డొమైన్లకు వర్తింపజేశాయి. వినియోగదారుల చిరునామా పుస్తకాలను దొంగిలించి వారి పేర్లతో పరిచయస్థులకు పంపుతున్న స్పామ్‌ను అరికట్టడం దాని లక్ష్యం. లక్ష్యం సమంజసమైనదే.

ఫలితం మాత్రం మరోచోట కనిపించింది. పండిత సంఘాలు, సాహిత్య బృందాలు, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు సభ్యులందరికీ ఒకే చిరునామా ద్వారా ఉత్తరాలు చేరవేసుకునేవి. అటువంటి సర్వర్ సభ్యుని పేరును అలాగే ఉంచి, విషయపు వరుసలో బృందం పేరు చేర్చి, అడుగున సూచన కలిపి పంపేది. దాంతో ఎస్‌.పి.ఎఫ్. పొంతన కుదరలేదు, డీకిమ్ ముద్ర పగిలింది. యాహూ సభ్యులు రాసిన ఉత్తరాలను ఇతర సంస్థలు యాహూ ప్రకటన ప్రకారం తిరస్కరించాయి. అంతటితో ఆగలేదు. తిరిగివచ్చిన ఉత్తరాలను చూసి, అందుకోవలసినవారి చిరునామాలే పనిచేయడం లేదని భావించిన సాఫ్ట్‌వేర్, ఏ తప్పూ లేని ఇతర సభ్యులను బృందాల నుంచి తొలగించింది.

మెయిల్‌మ్యాన్ వంటి సాఫ్ట్‌వేర్లు చివరకు రాసినవారి చిరునామా స్థానంలో బృందం చిరునామా పెట్టడం మొదలుపెట్టాయి. ప్రమాణాలు రూపొందించే టాస్క్‌ఫోర్స్ కూడా తన సొంత చర్చల్లో కఠిన విధానం గల డొమైన్ల సభ్యుల చిరునామాలను మార్చి రాయవలసి వచ్చింది. పేరు దొంగతనాన్ని ఆపడానికి వచ్చిన పద్ధతి, న్యాయమైన మధ్యవర్తి చేత రచయిత చిరునామాను మార్పించింది. సెప్టెంబరు 2016 నాటి ఆర్‌.ఎఫ్‌.సి. 7960 ఈ చిక్కులను క్రోడీకరించింది. మధ్యవర్తులు తాము అందుకున్న నాటి పరీక్షా ఫలితాన్ని సంతకంతో జతచేసే 'ఆర్క్' పద్ధతి జులై 2019లో ఆర్‌.ఎఫ్‌.సి. 8617గా వచ్చింది. అయితే ఏ మధ్యవర్తిని నమ్మాలన్నది అందుకునేవారి ఇష్టానికే మిగిలింది.

7. ఐచ్ఛికం నుంచి అనివార్యానికి

అక్టోబరు 2017లో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ, ఫెడరల్ సంస్థలన్నీ ఒక సంవత్సరంలోగా డీమార్క్ తిరస్కరణ విధానానికి చేరాలని ఆదేశించింది. అది ఒక ప్రభుత్వ పరిధికి పరిమితం. అక్టోబరు 2023లో గూగుల్, యాహూ చేసిన ప్రకటన ప్రభావం మాత్రం ప్రపంచవ్యాప్తం. ఫిబ్రవరి 2024 నుంచి జీమెయిల్‌కు ఉత్తరం పంపే ప్రతి సర్వర్‌కూ ఎస్‌.పి.ఎఫ్. లేదా డీకిమ్ ఉండాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైగా ఉత్తరాలు పంపేవారికి ఆ రెండూ ఉండాలి, కనీస స్థాయి డీమార్క్ కూడా ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మే 2025లో మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్ సేవకు ఇటువంటి నియమాలనే వర్తింపజేసింది.

ఏ ప్రమాణపత్రమూ ఈ సంఖ్యలను నిర్ణయించలేదు. అందుకునే సంస్థలే నిర్ణయించాయి. ప్రపంచంలోని ఉత్తరాలలో ఎక్కువభాగం కొద్ది సంస్థల పెట్టెల్లోకే చేరుతున్నప్పుడు, ఆ సంస్థల ద్వారం వద్ద నియమమే అందరికీ శాసనమవుతుంది. సొంత సర్వర్ నడుపుకునే చిన్న కళాశాలకో పత్రికకో ఎదురయ్యే అసలు సమస్య ఇదే. వారి ఉత్తరం అబద్ధం కానక్కరలేదు. రుజువు లేకపోతే చాలు, అది చేరదు.

8. సర్వర్ స్థాయిలో అమలు క్రమం

పై చరిత్రే అమలు క్రమాన్నీ నిర్దేశిస్తుంది. మొదట తమ డొమైన్ పేరుతో ఎవరెవరు ఉత్తరాలు పంపుతున్నారో లెక్క తీయాలి. ప్రధాన సర్వరే కాక పరీక్షల విభాగం సాఫ్ట్‌వేర్, గ్రంథాలయ వ్యవస్థ, రుసుముల రసీదులు పంపే బయటి సేవ కూడా అందులో ఉంటాయి. ఆ తర్వాత ఎస్‌.పి.ఎఫ్. వాక్యం ప్రకటించాలి. ఒక్క డొమైన్‌కు ఒక్క వాక్యమే ఉండాలి. దాన్ని పరీక్షించేటప్పుడు డి.ఎన్‌.ఎస్.ను మళ్లీ వెతకవలసిన అంశాలు పదికి మించితే పరీక్ష దోషంతో ముగుస్తుంది. బయటి సేవలను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయేవారు సాధారణంగా చేసే పొరపాటు ఇదే.

తర్వాత 2048 బిట్ల డీకిమ్ తాళాన్ని సృష్టించి, బహిరంగ భాగాన్ని డి.ఎన్‌.ఎస్.లో ఉంచాలి. అక్కడ ఒక్కో అక్షరమాల 255 బైట్లకు మించరాదు కాబట్టి దాన్ని ముక్కలుగా రాయవలసి ఉంటుంది. తాళానికి ఒక ప్రత్యేక నామం ఉంటుంది కాబట్టి, పాతదాన్ని తీసేయకముందే కొత్తదాన్ని ప్రవేశపెట్టి మార్చుకోవచ్చు. చివరగా డీమార్క్‌ను 'గమనించు' స్థాయిలో మొదలుపెట్టి, కొన్ని వారాలు నివేదికలు చదివి, మరచిపోయిన న్యాయమైన పంపకదారులను సరిచేసుకున్నాకే కఠిన విధానానికి వెళ్లాలి. ఈ నిరీక్షణను దాటవేసిన సంస్థ తన ఉత్తరాలను తానే తిరస్కరింపజేసుకుంటుంది.

9. తెలుగు డొమైన్లు: కొత్త ప్రశ్న

తెలుగు లిపిలో '.భారత్' డొమైన్ 2011లో ఏర్పడింది. చిరునామా మొత్తం తెలుగులోనే ఉండే ఈ-మెయిల్‌కు 2012 నాటి ఆర్‌.ఎఫ్‌.సి. 6531 మార్గం వేసింది. ఇటువంటి ఉత్తరాలకు ఎస్‌.పి.ఎఫ్., డీకిమ్, డీమార్క్‌లు ఎలా వర్తించాలో జూన్ 2019లో ఆర్‌.ఎఫ్‌.సి. 8616 వివరించింది. తెలుగు పేరు డి.ఎన్‌.ఎస్.లో రోమన్ అక్షరాల సంకేతరూపంలో నిల్వ ఉంటుంది కాబట్టి, ఏ దశలో ఏ రూపం వాడాలో చెప్పడం అవసరమయింది.

ధ్రువీకరణ పరిమితిని తెలుగు చదువరి తన లిపిలోనే చూడగలడు. తెలుగు 'ర', కన్నడ 'ರ' కంటికి ఒక్కటే, యంత్రానికి వేర్వేరు. ఒక తెలుగు డొమైన్‌ను పోలిన కన్నడ అక్షరాల డొమైన్‌ను నమోదు చేసుకున్నవారు మూడు పరీక్షలూ నెగ్గేలా ఉత్తరం పంపగలరు. ఆ డొమైన్ నిజంగా వారిదే. ఈ పోలికల దృష్ట్యానే అత్యున్నత స్థాయి డొమైన్ల నియమాలలో తెలుగు, కన్నడ అక్షరాలను పరస్పర రూపాంతరాలుగా గుర్తించారు. అయితే ఆ జాగ్రత్త కింది స్థాయిలో నమోదయ్యే ప్రతి పేరునూ కాపాడదు.

10. ముగింపు

1982లో విడిపోయిన కవరు, తలభాగం మూడు దశాబ్దాల తర్వాత డీమార్క్‌తో మళ్లీ కలిశాయి. ఆ కలయిక వల్ల ఒకరి డొమైన్ పేరును నేరుగా దొంగిలించడం కష్టమయింది. ఇది నిస్సందేహంగా ప్రయోజనమే. అయితే ఆ పరీక్షలో నెగ్గడం ఉత్తరంలోని మాట నిజమనడానికి రుజువు కాదు. ఎస్‌.పి.ఎఫ్.ను త్వరగా స్వీకరించినవారిలో స్పామ్ పంపేవారూ ఉన్నారు. పాస్‌వర్డు పోగొట్టుకున్న ఉద్యోగి ఖాతా నుంచి వచ్చే మోసపు ఉత్తరం కూడా అన్ని పరీక్షలూ నెగ్గుతుంది.

కాబట్టి ఈ ప్రమాణాలు ఇచ్చేది పూచీ మాత్రమే. ఫలానా ఉత్తరానికి ఫలానా డొమైన్ బాధ్యత వహిస్తుందని అవి చెబుతాయి. ఆ డొమైన్ ఎవరిది, అది నమ్మదగినదా అన్న విచారణ చదువరి వంతు. పూచీ చూపలేని చిన్న సర్వర్ ఉత్తరాన్ని ఏం చేయాలన్న నిర్ణయం మాత్రం చదువరి చేతిలోనూ లేదు, ప్రమాణకర్తల చేతిలోనూ లేదు. విద్యాసంస్థలు, పత్రికలు ఈ మూడు ప్రమాణాలను అమలుచేయడం భద్రత కోసమే కాక, తమ సొంత డొమైన్ నుంచి తమ మాటను పంపుకునే హక్కును నిలుపుకోవడానికి కూడా అవసరమని ఈ చరిత్ర స్పష్టం చేస్తుంది.